ఏడో జాబ్ కార్డు

దేవరకద్ర బుధవారం సంతల
మా నాయిన ఎద్దును కొనెటప్పుడు
పండ్లు చూస్తుండె, సుడులు చూస్తుండె,
తోక మెలిపెట్టి లేపి నడిపిస్తుండె.
అమ్మెటోడు తువ్వాల కింద చెయ్యి కలిపి
"సాలుల పండుకుంటే తోలుకరా, నాది జిమ్మ" అంటుండె.
కాయితం లేదు, సంతకం లేదు.
ఒక యేడు నిజంగనే పండుకుంది.
నాయిన మళ్ల తోలుకపోయిండు.
వాడు తిట్టిండు, ఉమ్మిండు,
పైసలు లెక్కవెట్టి ఇచ్చిండు.

నేను కారు కొన్న నాడు
నలభై రెండు సంతకాలు పెట్టిన.
చల్లని గదిల నీళ్ల సీసా ముందర పెట్టి
ఆ పిల్లగాడు వేలు చూపెట్టిన కాడల్లా.
సుడి యాడుందో అడగలే.
మొగులమ్మ బానెట్‌కు పసుపు రాసింది.
నాలుగు నిమ్మకాయలు తొక్కి బయటికి తీసిన.

పదకొండో దినం, మన్యంకొండ స్టేజీ కాడ
గేరు పడలే.
ఎనక సీట్ల వెంకోబ సారు,
డయాలసిస్‌కు పోయెటాయన,
ఎడమచేతి ఉబ్బును కుడిచేత్తో కప్పుకొని
"తొందరేం లేదు కుర్మన్నా" అన్నడు.
తొందర ఉండె.

షోరూమోళ్లు మంచిగ కడుగుతరు, అబద్ధమెందుకు.
అద్దాలకు సబ్బు వాసన, లోపల అదే వణుకుడు.
"క్లచ్ మీద కాలేసి తోలుతవ్" అన్నరు.
ఇరవై యేండ్ల సంది అన్నం పెడుతున్న కాలు అది.
రెండోసారి డీజిల్ మంచిది కాదన్నరు,
మూడోసారి రోడ్డు.
నాలుగోసారి ఏమనలే, చాయ్ ఇచ్చిన్రు.

ఫైనాన్స్ ఆఫీసుకు పోయిన.
"మేం పైసలిచ్చినం గని గేర్లు ఇయ్యలే గద" అన్నడు.
ఆర్సీల నా పేరుంది, వాళ్ల పేరు గూడ ఉంది.
బండి ఆగిన నాడు నాది,
కిస్తీ ఆగిన నాడు వాళ్లది.
ఐదో తారీఖు మాత్రం ఒక్కసారి చెడిపోలే.
ఎంత ఎక్కుడైనా టైముకు ఎక్కి వస్తది.

వినియోగదారుల కమిషన్ కిటికీ కాడ
సద్ది గిన్నె మూత పెట్టుకుంట ఒకామె చెప్పింది:
"వకీలు లేకున్నా నువ్వే మాట్లాడొచ్చు.
అమ్మినోణ్ని రాయి, తయారు చేసినోణ్ని రాయి,
అప్పిచ్చినోణ్ని గూడ రాయి.
టాక్సీ అని భయపడకు, బతుకుదెరువుకు
నీ చేత్తో నువ్వు తోలుకునేది యాపారం కాదు.
కిస్తీ ఆపకు. ఆపితే మాట వాళ్ల దిక్కు తిరుగుతది.
జాబ్ కార్డులున్నయా?"

ఏడున్నయి.
ఆరింటి కింద ఇంగ్లీషుల ఏముందో
మా చిన్నది పారిజాత బడిల పాఠం లెక్క చదివింది:
పని తృప్తికరంగా ఉన్నది.
పక్కన నా సంతకం.
సంతకం పెట్టందే తాళంచెవి ఇయ్యరు మరి.
ఆరుసార్లు తృప్తి పడ్డోణ్ని నేను.

ఏడోసారి పెన్నిచ్చినోడు ఫోన్ల ఉండె.
గీత కింద జాగ ఉంటే తెలుగుల రాసిన:
"నాకు త్రుప్తి లేదు. బండి వణుకుతనే ఉన్నది.
కుర్మయ్య, డ్రైవరు."
ఆ మొదటి అక్షరం తప్పని బిడ్డ చెప్పింది.
దిద్దుదామంటే కార్డు మీద దిద్దొద్దంట.

నిన్న వాయిదా.
కారు ఇంటి ముందలే ఉంది, కింద కోడి గుడ్లు పెడుతుంది.
తాళంచెవి ఎందుకో జేబులేసుకొని బస్సెక్కిన.
కంపెనీ వకీలు ఆరు కార్డులు
పేకముక్కల లెక్క పరిచిండు.
పైన కూసున్న మేడమ్ ఏడోది తీసి
అద్దాలు ముక్కు మీదికి జరుపుకొని
"ఇది రాసిందెవరు?" అన్నది.

లేచి నిలవడ్డ.
ఎడమకాలు దానంతటదే
నేలను ఒత్తుతుంది.
"నేనే, మేడమ్."
"చదువు."
చదివిన. తప్పు అక్షరం గూడ తప్పుగనే చదివిన.
వకీలు కిందికి చూసిండు.
ఆమె ఏదో రాసుకున్నది, ఏందో నాకు కనపడలే.

మళ్ల వాయిదా పద్నాలుగో తారీఖు.
దానికంటే ముందల
ఐదో తారీఖుంది.