ఆటు

నేను పైకెప్పుడూ ఎక్కలేదు.
ఇంజను గదిలో మనిషిని,
డీజిలు మరకల లుంగీ, చెవుల్లో దూది.
అయినా ఏ బల్ల మీద ఎంత పడిందో
పైవాళ్ళకన్నా ముందు నాకే తెలిసేది.
పెద్ద పందెం ఎటుంటే
లాంచీ అటు ఒరిగేది.

అంతకుముందు అది కొబ్బరికాయల లాంచీ.
కాశీరాజు గారు కొన్నాక
కాయలు దొర్లిన చోట ఎర్ర తివాచీ పరిచారు,
గోవా నుంచి గిర్రున తిరిగే చక్రం ఒకటి తెప్పించారు.
‘జలకన్య’ అని రాయమంటే
పెయింటరు యావత్తు మర్చిపోయి
‘జలకన’ అని రాసి డబ్బులు పుచ్చుకుపోయాడు.
అలాగే నడిచింది తొమ్మిదేళ్ళు.

ఇటు నరసాపురం, అటు సఖినేటిపల్లి,
నడిమధ్య వశిష్ఠ.
ఈ గట్టున జీపు లైటు కనబడితే ఆ గట్టుకి,
ఆ గట్టున విజిల్ వినబడితే ఈ గట్టుకి.
హద్దు ఏ నీటిచుక్క దగ్గరుందో
సరంగు ఓలేటి పోసియ్యకొక్కడికే తెలుసు.
అతను కూడా దాన్ని
వారానికోచోట పెట్టేవాడు.

రొయ్య పలికిన రోజులవి.
చెరువు పట్టిన రాత్రే
చేతులకి మేత వాసన వదలకుండానే వచ్చేవాళ్ళు
కాళ్ళ నుంచి, మొగల్తూరు నుంచి,
ముప్ఫై కౌంటు ధర ఎంతో అరుచుకుంటూ.
నోట్లు తీసుకుని బిళ్ళలు ఇచ్చేవారు.
ముక్కలు పంచేది ప్రమీల, యానాం పిల్ల.
“లోపలా? బయటా?”
ఆ గొంతు పలకల సందుల్లోంచి నాకు దిగేది.
నేను మాత్రం ప్రతిసారీ లోపలే.

ఒకాయన ఓ రాత్రి ఏరేటర్లు పెట్టాడు పందెం.
పద్నాలుగు.
అక్కడ చెరువులో తిరుగుతున్నవి తిరుగుతుండగానే
ఇక్కడ పోయాయి.
తెల్లారి విప్పుకుపోయారు. మర్నాటికి
రొయ్యలన్నీ పైకొచ్చి గట్టు పొడుగునా తేలాయట.
ఆయన పేరు చెప్పను.
ఆ రాత్రి లాంచీ ఎడమకెంత ఒరిగిందంటే
నా టీ గ్లాసు జారి పగిలింది.

తర్వాత తెల్లమచ్చ వచ్చింది.
ఆ తర్వాత ఫోన్లొచ్చాయి.
తెల్లమచ్చ సగం మందిని తీసుకుపోయింది.
మిగతావాళ్ళు ఇంట్లో దుప్పటి కిందే ఆడుకున్నారు,
గట్టు మారే పని లేకుండా.
పోసియ్య కొడుకూ అంతే,
వల వేసి పడవలో కూచుని
వెలిగే అరచేతిలోకి వంగి ఉంటాడు.
ఎంత పోయినా పడవ ఒరగదు.
నాకదే భయం.

జనం తగ్గేకొద్దీ
లాంచీ నీట్లోంచి పైకి లేచింది.
మునిగి ఉండే నాచుగీత బయటపడింది,
జానెడు, తర్వాత మూరెడు.
వ్యాపారం పడిపోయిందన్నారు ఊళ్ళో.
కింద నుంచి నేను చూసింది లేవడమే.

ఆఖరి ఆర్నెల్ల జీతం బిళ్ళల్లో ఇచ్చారు రాజుగారు.
మార్చుకుందామంటే కౌంటరు లేదు.
ప్రమీల తన వాటా అంతా రేవులో నిలబడి
గోదాట్లోకి ఒక్కొక్కటే వేసింది,
ముక్కలు పంచినట్టే, తొందర లేకుండా.
నావి నేను డబ్బాలో పోసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.
మూడో తరగతితో మానేసినవాణ్ణి,
ఆటకీ ఆటుకీ తేడా ఒక్క కొమ్మేనని
ఆ మాత్రం నాకూ తెలుసు.

ఇప్పుడది బియ్యపుతిప్ప అవతల
మడచెట్ల బురదలో కూరుకుని ఉంది.
పోటుకి కాస్త కదులుతుంది, నిద్రలో మనిషిలా.
తివాచీ మీద ఎవరో సావిడాయిలు ఎండబెడుతున్నారు.

పొద్దున మా మనవరాలు డబ్బాలోంచి బిళ్ళ తీసి
వాకిట్లో గళ్ళు గీసింది.
అయిదువేల బిళ్ళ అది.
విసిరి, ఒంటికాలి మీద గెంతి,
గీత తొక్కకుండా వంగింది.
కొంచెం ఎడమకి ఒరిగింది.
నేను చెయ్యి చాచబోయాను.

“జరుగు తాతా,
గడి మీద నీ నీడ పడుతోంది” అంది.