వచ్చినప్పుడు

డులూత్‌లో సరస్సు రాయిలా గట్టిపడ్డ నెల.
ఇనుప సామాన్ల కొట్టు కింద నేలమాళిగ,
గొణిగే బాయిలరు, గళ్ల కాగితం,
కాగితం మీద రాక్షసుడు.
వాడి బొమ్మని కిందటి వారం కుక్క నమిలేసింది గనక
ఇవాళ్టికి వాడు దగ్గుమందు సీసా మూత.

తలుపుకి ఇవతల ఆస్ట్రిడ్, విలుకత్తె.
పోయిన వంతులోనే చెప్పి పెట్టింది:
"వాడు గుమ్మంలోకి వచ్చినప్పుడు బాణం వదుల్తాను."
నేను రాసుకున్నాను. అందరూ విన్నారు.
అప్పట్నుంచీ ఆ నారి చెవిదాకా లాగే ఉంది.

ఇప్పుడు వాడు వచ్చాడు.
వచ్చిన ఊపులోనే
నోడిన్ నెత్తి మీదికి గద ఎత్తాడు.
గద ముందా, బాణం ముందా?

పగలు నేను ఊరి వీధుల్లో మంచు తోసే బండి నడుపుతాను.
అక్కడ ఎవరూ నన్ను తీర్పు అడగరు.
ఇక్కడ నాలుగు జతల కళ్లు.
డెబ్భై నాలుగో పేజీ తీశాను.
పెద్దక్షరాలు ఒకటి చెబుతాయి,
పక్కనే పెట్టెలో చిన్నక్షరాలు
దాని గొంతు నొక్కేస్తాయి.

మెర్విన్ నుదుటి మీంచి కళ్లజోడు దించాడు.
"వచ్చినప్పుడు, అంది.
వస్తుండగా అనలేదు. వచ్చేశాక అనీ అనలేదు.
ముప్ఫై ఒక్కేళ్లు కోర్టులో జనం మాటల్ని
పొట్టిగీతల్లో దించినవాణ్ణి.
ఒక్క 'అప్పుడు' దగ్గర తేడా వచ్చి
మనుషులు జైలుకి పోవడం చూశాను."

"అయితే నేను చచ్చినట్టేనా?" అన్నాడు నోడిన్.
పదిహేడేళ్లవాడు. పెన్సిల్ వెనక రబ్బరు కొరుకుతున్నాడు.

పుస్తకం లెక్కన వంతుకి ఆరు సెకన్లు.
ఆ ఆరింటి మీద కూర్చుని మాకు యాభై నిమిషాలు.
పిజ్జా మీద జున్ను మైనంలా బిగుసుకుంది.

"ఆడి చూద్దాం," అంది ఆస్ట్రిడ్, గొడుగు తీసుకుని.
మెర్విన్ రాక్షసుడు. చేతిలో చీపురు.
బాయిలరు గది తలుపే గుమ్మం.
మొదటిసారి గొడుగు ముందు.
రెండోసారి చీపురు ముందు,
నోడిన్ చెవి ఎర్రబడింది కూడా.
"ఒకటి ఒకటి," అన్నాను, తీర్పు మళ్లీ నా ఒళ్లో పడుతుందని తెలిసి.

మూడోసారి
మెర్విన్ గుమ్మంలో అడుగు పెట్టి
చీపురు ఎత్తబోయి
ఎత్తలేదు.
ఒక చెయ్యి తలుపు చట్రం కోసం వెతికింది.
నేను అది కూడా నటనే అనుకున్నాను.
ఆస్ట్రిడ్ నవ్వింది కూడా.

సాయంత్రమంతా నోరు విప్పని టెంగ్,
అంబులెన్సు డ్యూటీ దిగి బూట్లతోనే వచ్చినవాడు,
కుర్చీలో లేడు.
ఎప్పుడు లేచాడో ఎవరూ చూడలేదు.
మెర్విన్ మోకాళ్లు మడత పడేలోపే
ఆ చంకల కింద అతని రెండు చేతులున్నాయి.
చీపురు మాత్రం కింద పడింది.

చక్కెర తగ్గిందట. భోంచెయ్యకుండా వచ్చాడట.
నారింజ రసం, నోడిన్ జేబులోంచి నలిగిన చాక్లెట్,
టెంగ్ వేళ్లు మణికట్టు మీద,
పెదాల మీద లెక్క.
బాయిలరు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

కాసేపటికి మొహంలోకి రంగొచ్చాక
మెర్విన్ గ్లాసు పక్కన పెట్టి
కోర్టులో చదివి వినిపించే గొంతుతో అన్నాడు:
"రాసుకో, బాణం ముందు.
సిద్ధంగా ఉన్నవాడు
'వచ్చాక' కోసం ఆగడు."
"నేను ఆలోచించలేదు," అన్నాడు టెంగ్ ఇబ్బందిగా.
"అదే మరి," అన్నాడు మెర్విన్.

నేను పుస్తకం మూసి
అట్ట లోపలివైపు పెన్సిల్‌తో రాశాను, తేదీ వేసి.
ఆస్ట్రిడ్ ఇరవై ముఖాల పాచిక
రెండు చేతుల మధ్య ఊపి ఊపి వదిలింది.
అది పిజ్జా డబ్బాకి తగిలి, తిరిగి, ఆగింది.

ఒకటి.

బాణం ముందే వెళ్లింది, నిజమే.
వెళ్లి తలుపు చట్రంలో దిగింది.
ఇక గద.
నోడిన్ నిట్టూర్చి
కొరికిన రబ్బరుతో తన ప్రాణాలు చెరుపుకుంటూ అడిగాడు:
"పడిపోతూ కత్తి విసరొచ్చని
ఎక్కడైనా ఉందా?"

మెర్విన్ కళ్లజోడు మళ్లీ దించాడు.