తరుగుదల లేనిది

ప్రతి మార్చి నెలాఖరుకీ
కడుబీసనహళ్లి ఆఫీసులో తొమ్మిది అంతస్తులూ తిరిగి
ఉన్నవి ఉన్నాయో లేవో చూసే పని నాది.
కుర్చీ అడుగుకి వంగి స్టిక్కరు చదవాలి.
ఏసీకి నిచ్చెన వేయించాలి.
చేతిలో జాబితా, చెవి వెనక పెన్సిలు,
వెంట సెక్యూరిటీ తిప్పేస్వామి, అతని తాళాల గుత్తి.

కుర్చీకి పదేళ్ల ఆయుష్షు రాస్తాం మేం.
కంప్యూటరుకి మూడు.
కాఫీ మిషనుకి ఐదు, అది రెండుకే చస్తుంది.
ఏటా ఇంతని కోసుకుంటూ పోయి
చివరికి ఒక రూపాయి మిగులుస్తాం,
పుస్తకంలోంచి పేరు పోకుండా.
పటాలకు మాత్రం ఆ గడిలో అడ్డగీత.
అరవై మూడు పటాలు, అరవై మూడు గీతలు.
తరుగుదల లేదు.

చేరిన కొత్తలో అడిగాను,
సాఫ్ట్‌వేర్ అమ్ముకునేవాళ్లకి బొమ్మలెందుకు సార్, అని.
జర్మనీ క్లయింటు లాబీలో పదకొండు నిమిషాలు కూర్చుంటాడు,
మనం నిన్నమొన్న పుట్టినవాళ్లం కాదని
ఆలోపల తెలియాలి అన్నాడు మేనేజరు.
బంగారం లాంటిదమ్మా, పైగా లాకరు అద్దె లేదు,
ఇది మా ఆడిటరు.
బొమ్మలు ఎంచిపెట్టే నఫీసా మేడం
"సంభాషణ" అంది. మూడుసార్లు అంది.
కంపెనీ పెట్టిన హెబ్బార్ గారు ఒకరోజు లిఫ్టులో దొరికితే
ఆయన్నే అడిగేశాను.
ఐదో అంతస్తు దాకా ఏమీ అనలేదు.
"గోడ ఖాళీగా ఉంటే
నేను చేసిందంతా దానిమీద కనబడుతుంది"
అని, దిగిపోయాడు.
నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పటికీ సగమే.

ఆస్తి నంబరు నాలుగు నాలుగు ఒకటి ఏడు.
తొమ్మిదో అంతస్తు, హెచ్ఆర్ గది బయట.
ఆరడుగుల పొడవు, నాలుగు ఎత్తు.
పీణ్యలో లేత్ మిషన్ల కింద రాలిన ఇనుప రజను
జిగురులో కలిపి, తడిపి, తుప్పు పట్టించి
శివలింగు అనే కుర్రాడు చేసింది.
వాళ్ల నాన్న పనిచేసిన షెడ్డు మూతబడిన రోజు
చీపురుతో ఊడ్చి మూటగట్టుకొచ్చాడట.
దూరంనుంచి దుక్కి దున్నిన ఎర్రచేను.
దగ్గరికెళితే చేనూ లేదు, ఏమీ లేదు, తుప్పు.
అదీ ఆగలేదు. నిరుటికీ ఇప్పటికీ
అంచున వేలెడు ముందుకు జరిగింది.
నా పుస్తకంలో దానికి అడ్డగీత.

ఎదురుగా రెండు కుర్చీలు.
పోయిన జనవరిలో వాటిలో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి
ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు.
ఒళ్లో ల్యాప్‌టాపు, అదీ నా జాబితాలోదే.
ఫోను తీస్తే ఇంటినుంచి మెసేజి, తిన్నావా అని.
పిలుపొచ్చేదాకా ఇంకేం చూస్తారు?
టెస్టింగులో ప్రభంజన్, ఆదోని పిల్లాడు,
క్యాబులో ఏడాదిన్నర నా పక్క సీటు,
బయటికొచ్చి నాతో అన్నది ఒకటే మాట:
"ఆ పటం కుడికి వాలింది మేడం. సరిచేసినా."

ఇవాళ చూశాను.
కుడి మూల పక్కన తెల్లగోడ మీద
వేలిముద్రలు. ఒకరివి కాదు.
బొటనవేళ్లు, చూపుడువేళ్లు,
ఒకచోట గోటిరంగు గీసుకున్న ఎర్రచార.
కింద మెట్రో పనులకి బిల్డింగు అదిరినప్పుడల్లా
పటం వాలుతుంది.
కూర్చున్నవాళ్లు ఎవరో లేచి నిలబెడతారు,
కూర్చుంటారు,
లోపలికి వెళతారు.

గోడ మాసింది మేడం, పెయింటరుకి చెప్పనా
అన్నాడు తిప్పేస్వామి.
గోడ అద్దెది, అన్నాను,
మన జాబితాలో లేదు. వదిలెయ్.

పరిస్థితి అన్న గడిలో "బాగుంది" దగ్గర టిక్కు పెట్టి
తరవాతి వరసకి దిగాను:
కుర్చీలు, రెండు.
వంగి, స్టిక్కరు చదివాను.