మూడు నిమిషాల నలభై నాలుగు సెకన్లు

కుషిరో స్టేషన్ వెనక సందులో
పాత కెమెరాల కొట్టు.
బయట మంచు మోకాలి దాకా,
లోపల కిరోసిన్ పొయ్యి మీద కెటిల్ సన్నగా ఈల.
గాజు బల్ల మీద మూడు బాడీలు పరిచాడు షియోమి.
లెన్సు తీసేస్తే అన్నీ ఒకటే,
నోరు తెరుచుకుని నిద్రపోతున్న మనుషుల్లా.

బడి వంటశాలలో నాలుగొందల మందికి వండుతాను.
ఉప్పు ఎంతో నా చేతికి తెలుసు,
ఈ అంకెలే తెలియవు.
సెకనుకి ముప్పై బొమ్మలట.
పక్షి కన్నెక్కడుందో దానికదే వెతుక్కుంటుందట.
వెల వినగానే
చేతిలోని టీ కప్పు మెల్లిగా కింద పెట్టాను.
రెండోది ఎవరో వాడి అమ్ముకున్నది;
పట్టు దగ్గర రబ్బరు నున్నగా అరిగి
వాళ్ళ బొటనవేలు ఇంకా అక్కడే ఉంది.
మూడోది బాగా చవక.
దాని గురించి షియోమి ఏమీ చెప్పలేదు, మర్యాదస్తుడు.

నా పాతది సంచిలో ఉంది.
పదకొండేళ్ళది. ఒళ్ళంతా పాకంలా జిగురు.
ఒక మీట ఎంత నొక్కినా పలకదు.
చలి ముదిరితే బ్యాటరీ చేతులెత్తేస్తుంది.
వేడి పొట్లం కట్టి, ఉన్ని మేజోడు తొడిగి
పసిదాన్ని ఎత్తుకున్నట్టు
ఓతొవా వంతెన మీదికి తీసుకెళ్తాను.

అక్కడ తెల్లవారుజామున
ఏటి నుంచి ఆవిరి లేస్తూ ఉంటుంది.
నెత్తిన ఎర్రబొట్టుతో బెగ్గురు కొంగలు
నీళ్ళలోనే నిద్ర లేస్తాయి.
"బాడీలు వస్తాయి పోతాయి, ఒరికసా గారూ,
నిలిచేది గాజే" అంటాడు నాగకురా.
రెండేళ్ళలో మూడు బాడీలు మార్చాడు ఆయన.

పోయిన ఫిబ్రవరిలో ఒకటి నా వైపే తల తిప్పింది.
కూసింది.
కూత వెండిపొగై ముక్కు ముందు ఆగింది.
నొక్కాను.
ఇంటికెళ్ళి చూస్తే
అడ్డొచ్చిన కొమ్మ మీద మంచు పలుకు పలుకూ స్పష్టం,
కొంగ మాత్రం
ఒక తెల్లటి అనుమానం.
ఆ రోజు నుంచే డబ్బు దాస్తున్నాను.

కొత్తదాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను.
తీగ మీద కాకి.
నేను చూసేలోపే దాని కంటి మీద
ఆకుపచ్చ గడి వాలింది.
చప్పుడే లేదు. "నొక్కానా?" అన్నాను.
"నలభై రెండు తీశారు" అన్నాడు షియోమి.
వడ్డించకముందే పళ్ళెం నిండినట్టయింది.
ఆకలి ఎటు పోయిందో!

పాతదానికి ఎంతిస్తారో చూడమన్నాను.
కంప్యూటరుకి తగిలించాడు.
"నాలుగు వేల యెన్లు" అని నేల చూశాడు.
తర్వాత, నన్ను ఊరడించడానికో ఏమో,
"లక్షా పన్నెండు వేల నాలుగొందల ఆరుసార్లు
తెరుచుకుంది" అన్నాడు.
ఒక్కోసారి సెకనులో అయిదొందలో వంతు అనుకుని
బిల్లు వెనక లెక్క వేశాడు.
పదకొండేళ్ళలో అది కన్ను తెరిచి చూసింది
మూడు నిమిషాల నలభై నాలుగు సెకన్లు.

గుడ్డు కూడా ఉడకదు ఆ కాసేపట్లో.

మిగతాదంతా ఏమైనట్టు?
గడ్డకట్టిన వేళ్ళు, నాగకురా ఫ్లాస్కులో బార్లీ టీ,
రాని కొంగలు, వచ్చి వెనక్కి తిరిగి నిలబడ్డ కొంగలు.
అదంతా మూసిన తెర వెనక చీకట్లో
నా ఒక్కదాని దగ్గరే ఉండిపోయింది.

"ఆ రెండోదాని లెక్క?"
"రెండు లక్షల పైనే."
ఎవరివో ఏడు నిమిషాలు.
చేతిలోకి తీసుకున్నాను.
నా బొటనవేలు పొట్టిది,
వాళ్ళ గుంటకి కాస్త కింద ఆగింది.
పక్షి కన్నుని వెతుకుతుంది గాని నెమ్మదిగా.
ఫరవాలేదు, నేనూ అంతే.
నొక్కితే తలుపు గడియ పడ్డట్టు
చప్పుడు చేసింది.

పాతదాన్ని ఇవ్వలేదు.
నాలుగు వేలు తక్కువైనందుకు
ఈ నెల కిరోసిన్ పొదుపుగా వాడాలి.

రేపు ఆదివారం.
వేడి పొట్లాలు రెండు కొనాలి.
మేజోడే, ఒక్కటే ఉంది.