నలభై మిల్లీమీటర్లు

ఇరవై రెండేళ్ళప్పుడు
నా పాత స్టార్లెట్‌ని నేలకి నలభై మిల్లీమీటర్లు దించాను.
ఎర్ర స్ప్రింగులు. మూడు నెలల జీతం.
టైరుకీ బాడీకీ మధ్య వేలు దూరేది కాదు.
స్లీమా సముద్రపు గట్టున సాయంత్రాలు అది పాకుతుంటే
కాఫీ కప్పులు పెదాల దగ్గరే ఆగేవి.
నడుం సంగతి ఎవడడిగాడప్పుడు!

మాల్టా చిన్న దీవే.
గోతులు మాత్రం ఖండానికి సరిపడా ఉన్నాయి.

ఇప్పుడు ముప్పై ఏడు నాకు.
జెయ్తూన్‌లో లేలి దగ్గర పని.
గోడ గడియారాలు బాగుచేస్తాడాయన,
బంగారు పూత చట్రాలవి, మూడు తరాల చావుపుట్టుకలు చూసినవి.
వాటిని దుప్పట్లో చుట్టి
వెనక సీట్లో పడుకోబెట్టి
ఇళ్ళకి చేర్చేది నేను.

బల్ల మీద వారం రోజులు
క్షణం తప్పకుండా నడిచిన గడియారం
సిజ్జీవిలో గోడకెక్కించగానే
నాలుగు టిక్కులు కొట్టి ఊరుకునేది.
మార్చిలో మూడు. ఏప్రిల్‌లో అయిదు.
వెనక్కి తెచ్చేవాణ్ణి,
అదే దారిన, అవే గోతుల్లోంచి.

భూతద్దం కంటికి బిగించి
చూసి చూసి అనేవాడు లేలి:
"పిన్ను జారింది. నేనే సరిగా బిగించలేదేమో."
జూన్‌కల్లా ఆ 'ఏమో' పోయింది.
కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకోవడం మొదలుపెట్టాడు.
కొత్త పనులు వద్దన్నాడు.
కొట్టు అమ్మితే ఎంతొస్తుందో కనుక్కోమన్నాడు, నన్నే.

నాకు తెలుసు.
గోతిలో నా పళ్ళు టకామని కొట్టుకున్నప్పుడల్లా
వెనక దుప్పటి లోపల
ఏదో సన్నగా గలగలమనేది.
రేడియో పెంచేవాణ్ణి.

శనివారం మార్సా సందులో మెకానిక్ దగ్గరికి వెళ్ళాను.
పేరు చిక్కు. పేరుకి నా భాషలో ఉన్న అర్థం
వాడికి చెప్పినా నమ్మడు.
కారు జాకీ మీద లేపి, కిందికి తొంగిచూసి
"ఇవి స్ప్రింగులా, గునపాలా?" అన్నాడు.
రబ్బరు బుష్షులు తడిసిన బిస్కెట్లలా రాలాయి.
ఉప్పుగాలికి తుప్పెక్కిన బోల్టు
నూనె తాగింది, తిట్లు తింది,
రెండు సిగరెట్లయ్యాక కదిలింది.
"మొహం అడ్డం పెట్టకు," అన్నాడు చిక్కు,
"ఇన్నేళ్ళు బిగబట్టింది ఒక్కసారి వదిలితే
దవడ లేచిపోద్ది."
పక్కకి జరిగాను.

నల్లటి కంపెనీ స్ప్రింగులు, ఏ సోకూ లేనివి, ఎక్కించాడు.
జాకీ దించితే నా కారు
కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వాగు దాటే ఆవిడలా నిలబడింది.
టైరు పైన నాలుగు వేళ్ళు దూరాయి.
సందులో కుర్రాళ్ళు నవ్వారు: "టాక్సీకి తిప్పుతావా, మామా?"

సోమవారం లేలి తనే వస్తానన్నాడు.
"ఇదే ఆఖరిది. ఒళ్ళో పెట్టుకుంటాను."
రాతి క్వారీ మలుపులో
దీవిలోకెల్లా పెద్ద గొయ్యి.
అది రాబోతుంటే
గడియారాన్ని గుండెకి హత్తుకుని కళ్ళు మూసుకున్నాడు.
కారు మెత్తగా దిగింది,
లేచింది,
ఒక్క ఊపిరి తీసుకున్నంతసేపు.

కళ్ళు తెరిచాడు.
"రోడ్డు వేశారా?"

అవునంటే సరిపోయేది.
ఎన్నికలొస్తున్నాయి, ఎవరైనా నమ్ముతారు.

"లేదు. స్ప్రింగులు మార్చాను."

రెండు మలుపుల దాకా మాట లేదు.
నెలలు లెక్కపెడుతున్నాడని తెలుస్తూనే ఉంది,
మార్చి, ఏప్రిల్, మే.
గడియారం ఒళ్ళోకి దించుకుని
చేతులు తిప్పి చూసుకున్నాడు, అరచేతులు, మళ్ళీ వెనకవైపు.
ఎవరో ఎత్తుకెళ్ళినవి
మరమ్మతు లేకుండానే తిరిగొచ్చినట్టు.

తర్వాత నా ఎడమ చెవి పట్టుకుని మెలేశాడు.
ముప్పై ఏడేళ్ళ చెవి.
పిన్ను బిగించినట్టు, ఎంత తిప్పాలో అంతే.