రెండు నిమిషాలు

మొత్తం సినిమా అక్కర్లేదట, మొదలు చాలట.
రెండు నిమిషాలు.
పేర్లు పడేలోగా చూసేవాడి చేతిలో
టీ చల్లారిపోవాలి అన్నారు ఇడ్రిస్ మాస్టారు.

ఉత్తర వేల్స్‌లో పలకరాళ్ళ గుట్టల కింద మా ఊరు.
కొండల్ని కోసి ఎవరెవరి ఇళ్ళకో కప్పులు పంపి
చెత్తరాయి మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.
నాలుగింటికే పొద్దుగూకే నవంబరు.
భయానికి ఇంతకన్నా ఏం కావాలి అన్నాడు గెథిన్.

ముందు పరిశోధన.
లైబ్రరీ వెనకగదిలో పదకొండు సినిమాల మొదళ్ళు.
మాబ్లి చేతిలో స్టాప్‌వాచ్, నా ముందు గళ్ళ కాగితం.
షాటుకి ఎన్ని సెకన్లు, కెమెరా ఎక్కడ నక్కింది,
తలుపు ఎప్పుడు కిర్రుమంది.
ఎనిమిదో సినిమాకి భయం ఎక్కాల పుస్తకమైంది.
తెర మీద ఎవరో గొంతు చించుకుంటే
"ముప్పై నాలుగు" అంది మాబ్లి, బిస్కెట్టు నములుతూ.

తర్వాత నెత్తురు.
పంచదార పాకం, ఎర్ర రంగు, చిటికెడు కోకో.
ఎముక విరగాలంటే సెలరీ కాడ విరవాలి.
గెథిన్ వాళ్ళమ్మ సూప్ కోసం దాచినవన్నీ
ఆ సాయంత్రమే హతమయ్యాయి.

కథ: మూసేసిన గని. ముసుగు మనిషి. పరిగెత్తే అమ్మాయి.
అమ్మాయిని నేనే. ఎందుకు పడిపోవాలి అంటే
"పడిపోతారు, అంతే" అన్నాడు.
గనిలోకి కాలేజీ ఒప్పుకోలేదు.
ప్రమాదాల పట్టికలో
"రాళ్ళు పడవచ్చు" అని నిజం రాశాం మరి.

ప్రశ్నావళి నా వంతు.
బస్టాపులో, చాపెల్ మెట్ల మీద, మంగలి షాపులో
మీకు దేనికి భయం?
సాలీడు తొమ్మిది. చీకటి ఏడు. జోకర్లు నాలుగు.
"ఏమీ లేదు" నాలుగు, అందరూ మా క్లాసు మగపిల్లలే.
కరెంటు బిల్లు ఒకటి.
ఇరవై ఆరోది, చేపలు వేయించే డిలిస్ గారిది.
నూనెమరక పక్కన పెన్సిలుతో:
"పైన కుర్చీ కదిలితే కాదు.
కదలకపోతే."

పైన ఆమె భర్త.
ముప్పై ఏళ్ళ గని, ఊపిరితిత్తుల నిండా రాతి పొడి.
దగ్గడానికి వంగినప్పుడల్లా
కింద సీలింగు మీద ఎవరో గీత గీసినట్టు చప్పుడు.
అది వింటూనే ఆమె చేపలు తిప్పుతుంది,
చిల్లర లెక్కపెడుతుంది, ఉప్పా వెనిగరా అని అడుగుతుంది.

ఆ కాగితం రెండ్రోజులు నా కోటు జేబులోనే ఉంది.
మూడో రోజు మాబ్లి చదివి గెథిన్‌కిచ్చింది.
గెథిన్ చదివి,
ముసుగు ఎవరిదో, తిరిగిచ్చేయాలి అన్నాడు.

"సోమవారం షాపు సెలవు. తీసుకోండి," అంది డిలిస్.
"పేరు వద్దు.
పైన లైటు మాత్రం ఆర్పకండి. చీకట్లో ఆయనకి ఊపిరాడదు."

చీకటి తప్పనిసరి అని మా పట్టికలో ఎర్రసిరాతో ఉంది.
మెట్ల మీంచి పసుపు వెలుగు దిగొచ్చి
చల్లారిన మూకుడు మీద పడుకుంది.
ట్రైపాడ్ కుంటికాలి కింద రెండు పలకముక్కలు పెట్టాం.
ఆమె ఏప్రన్‌లో నేను.
తుడుస్తాను. కుర్చీ.
తుడుస్తాను. కుర్చీ.
తుడుస్తాను.

చప్పుడు లేదు.

అది మేం రాసుకున్నది కాదు.
చప్పుడు తర్వాత ఎడిటింగ్‌లో తీసేద్దామనుకున్నాం.
తలుపు దగ్గర స్టూలు మీంచి డిలిస్ లేచింది.
పరిగెత్తలేదు. కౌంటరు అంచు పట్టుకుంది.
ఫ్రీజర్ మాత్రం గుర్రుమంటోంది.
తర్వాత పైన దగ్గు. గీత.
"నిద్ర పట్టిందేమో పాపం" అని
ఆమె మళ్ళీ కూర్చుని, మోకాళ్ళ మీది పిండి దులుపుకుంది.
పిండి ఏమీ లేదు అక్కడ.

కెమెరా తిరుగుతూనే ఉంది.
పద్నాలుగు సెకన్లు, ఆమె ముఖం.
పదకొండు సినిమాల్లో అలాంటిది ఒక్కటీ లేదు.
వాడలేదు. ఎవరు వద్దన్నారో గుర్తులేదు.
గెథిన్ వంటింటి కుర్చీ లాగి చప్పుడు రికార్డు చేశాం,
నా ముఖంతోనే సరిపెట్టాం.

"శ్రద్ధ కనిపిస్తోంది. దయ్యం ఏది?"
అని రాశారు ఇడ్రిస్ మాస్టారు.
ఇరవైకి పదమూడు.

శుక్రవారం చిప్స్ కోసం వెళ్ళాం ముగ్గురం.
"ఉప్పా? వెనిగరా?" అడిగింది డిలిస్.
ఎవరం మాట్లాడలేదు.
పైన గీత గీసిన చప్పుడయ్యాక
"రెండూ" అన్నాడు గెథిన్.