కొమ్ము వంగిన వైపు

పర్లాకిమిడిలో కరెంటు పోయిన మధ్యాహ్నం.
దండపాణి మహారణా కొట్టు అరుగు మీద
నా కాగితాలు ఎగిరిపోకుండా
సగం చెక్కిన కొంగని బరువు పెట్టాను.

పదకొండు రోజులైంది.
తిరుగుతున్న ఒక కృష్ణబిలం చుట్టూ
నాలుగు సదిశల్ని నిలబెట్టాలి.
రెండు వెలుతురు దారులు,
బయటికి పోయేదొకటి, లోపలికి వచ్చేదొకటి.
మిగతా రెండూ సంకీర్ణాలు:
సగం నిజం, సగం ఊహ,
ఒకదానికొకటి అద్దంలో నీడ.

వీటి చోద్యం ఏమిటంటే
ఏదైనా తనని తాను కొలుచుకుంటే సున్నా.
తన జతని తాకితేనే ఒకటి.
(సంకీర్ణాల జతకైతే ఆ ఒకటి ముందు
ఒక రుణ గుర్తు. అది మరిచిపోయి
ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.)

చదువుకున్న పద్ధతిలోనే
కాలాన్ని నిటారుగా, దూరాన్ని సూటిగా పట్టుకుని
నాలుగింటినీ నాటాను.
తప్పేమీ లేదు. లంబాలన్నీ లంబాలే.
తీరా వక్రత లెక్క కట్టబోతే
ఐదు రాశులూ ఒక్కసారే నోరు తెరిచాయి.
ఒక్కోటీ పేజీన్నర.
సైను పక్కన కొసైను, నెత్తిన వర్గమూలం,
బ్రాకెట్టు కడుపులో బ్రాకెట్టు.

"ఏటమ్మా, ఇంకా ఆ నాలుగు పుల్లలేనా?"
మహారణా పద్దులు ఒడియాలో రాస్తాడు,
ఎగతాళి మాత్రం తెలుగులోనే.
గేదె కొమ్ము ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.
కత్తి ముట్టలేదు.
వీధి వెలుతురుకి ఎత్తాడు, తిప్పాడు,
మొదలు నుంచి మొన దాకా
దాని మెలికని బొటనవేలితో తడిమాడు.
చాలాసేపు.

"కొత్త కుర్రోడైతే సూటిగా కోసేత్తాడు.
పేట్లు లెగుత్తాయి. ఆటిని
అరగదీసుకుంటా కూకోవాల.
ఇది ఎటు మెలి తిరిగిందో అటు పోనిత్తే
కొంగ మెడ ముందే ఉంటాది ఇందల."

నేను కాగితం తిరగేశాను.
గుండ్రటి కిరణాల కట్ట
కోలగా సాగిపోకుండా
మెలిపడుతూనే గుండ్రంగా పోగల దారులు
ఆ బిలం దగ్గర రెండే రెండున్నాయి.
నా దిక్కులు వదిలేసి వాటిని పట్టుకున్నాను.

గుణుపురం రైలు కూత వేసేసరికి
మొదటి రాశి సున్నా. రెండోదీ సున్నా.
నాలుగు, ఐదు, అవీ లేవు.
మధ్యలోది ఒక్కటే మిగిలింది:
పైన ద్రవ్యరాశి, కింద దూరం ఘనమై,
ఆ దూరంలో చిటికెడు ఊహ.

కళ్ళద్దాలు తుడుచుకుని చూశాడు.
"ఇంత కాగితం పాడుసేసి, ఒక్క వరసా?"
జిగురు కాచే పొయ్యికి
పాత పేజీలు అడిగాడు. ఇచ్చేశాను,
కొమ్ము పొట్టుతో సహా, పదకొండు రోజులూ.

ఇంకా పూర్తిగా తేలలేదు.
ఒక వెలుతుర్ని ఎన్ని రెట్లు పెంచితే
రెండోదాన్ని అన్ని రెట్లు తగ్గించవచ్చు,
లెక్క చెడదు.
ఎంత అన్నది కొమ్ము చెప్పదు.
అది రేపు నేనే అనుకోవాలి.